రుమాలు కింద ధర

మీ అర్థశాస్త్రం పుస్తకంలో ధర ఎలా పుడుతుందో చెప్పడానికి ఒక బొమ్మ వేసి ఉంటుంది. ఒక గీత పైనుంచి కిందికి దిగుతుంది, అది కొనేవాళ్ళది. ఇంకో గీత కిందినుంచి పైకి ఎక్కుతుంది, అది అమ్మేవాళ్ళది. రెండూ కలిసిన చోట ఒక చుక్క. ఆ చుక్కే ధర అంటారు మీ మాస్టర్లు. మీరు తలూపి రాసుకుంటారు. నేనూ ఒకప్పుడు అలాగే తలూపి రాసుకున్నాను. కాకపోతే ఆ చుక్కను చేత్తో తడిమి చూసిన భాగ్యం కూడా నాకు దక్కింది. అది వెచ్చగా, గరుకుగా, చెమటతో తడితడిగా ఉంటుంది. నవ్వకండి. బాన్సువాడ ఎడ్ల అంగట్లో, ఒక తువ్వాల కింద, అది నా చేతికి తగిలింది.

నైజాం కాలం అది. జర్మనీ లడాయి జోరుగా నడుస్తోంది. నేను పట్నంలో చదువు ముగించి కొత్తగా కొలువులో చేరాను. నా పని చెప్పుకోవడానికి చాలా సులువు. బాన్సువాడ తాలూకాలో అంగడి ఎక్కడ జరిగితే అక్కడికి వెళ్ళాలి. జొన్నలు ఎంతకు పోతున్నాయి, వడ్లు ఎంతకు పోతున్నాయి, ఎడ్లు ఎంతకు పోతున్నాయి అని కనుక్కోవాలి. కాగితం మీద పెట్టి జిల్లాకు పంపాలి. కాలేజీలో నేను చదివింది మాషియాత్. అర్థశాస్త్రాన్ని ఉర్దూలో అలా అనేవాళ్ళం. మా పుస్తకంలో ఉదాహరణలన్నీ సీమ దొరలవి. ఆకలిగా ఉన్నవాడు మొదటి రొట్టెముక్క ఎంత ఇష్టంగా తింటాడు, నాలుగోది ఎంత అయిష్టంగా తింటాడు, ఇదీ వరస. నాకు మంచి మార్కులే వచ్చాయి. తీరా బాన్సువాడ వచ్చి మొదటి బేస్తవారం అంగట్లో నిలబడి జొన్నలెంత అని అడిగితే ఒక్కడంటే ఒక్కడు నిజం చెప్పలేదు.

ఎందుకు చెబుతారు? ధర అడిగేవాడు ఇవాళ రాసుకుంటాడు, రేపు పన్ను వేస్తాడు అని వాళ్ళ భయం. భయానికి కారణం లేకపోలేదు కూడా. లడాయి పేరు చెప్పి ధాన్యం కొలిపించుకుపోతున్న రోజులవి. అందుకని నన్ను చూస్తే మాటలు ఆగిపోయేవి. చాయ హోటల్లోకి అడుగుపెడితే అప్పటిదాకా నవ్వుతున్నవాళ్ళు కప్పులోకి చూస్తూ కూర్చునేవాళ్ళు. నేను అద్దెకున్నది బీడీలు చుట్టే వాళ్ళ ఇంటి వెనకగది. ముందు వసారాలో ఆడవాళ్ళు చేటలు ఒళ్ళో పెట్టుకొని రోజంతా కబుర్లాడుకుంటూ బీడీలు చుట్టేవాళ్ళు. నా చెప్పుల చప్పుడు వినబడగానే ఒక్క కత్తెర్ల చప్పుడే మిగిలేది. నేను గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాక మళ్ళీ మాటలు మొదలయ్యేవి. ఆ మాటలు గోడ ఇవతల కూర్చుని వినేవాణ్ణి. సిగ్గు లేకుండా చెబుతున్నాను, వాటికోసం ఎదురుచూసేవాణ్ణి.

మా అమ్మ పోయి అప్పటికి ఏడాది కాలేదు. నాకు ఇంకెవరూ లేరు. పెళ్ళి కాలేదు. ఉత్తరం రాద్దామంటే రాయడానికి మనిషి లేడు. కొన్నాళ్ళకు నా గొంతు నాకే కొత్తగా అనిపించి, ఆనాటి ధరలు గదిలో పైకి చదువుకోవడం మొదలుపెట్టాను. జొన్నలు ఇంత, పెసలు ఇంత, బెల్లం ఇంత. కచేరీలో పేష్కారు ఒకాయన ఉండేవాడు, తహసీల్దారు దగ్గర కాగితాలు చూసేవాడు. ఈ సంగతి ఎలాగో ఆయన చెవిన పడింది. "ఏమయ్యా, గోడలకు ధరలు చెప్పుతున్నవట? కొంటున్నయా?" అని నలుగురిలో అడిగాడు. అందరితోపాటు నేనూ నవ్వాను. ఆ రోజు అన్నం మాత్రం సయించలేదు.

ఎడ్ల అంగట్లో బేరాలు కుదిర్చే దలాలు ఒకడు ఉండేవాడు. ముసలి ముసల్మాను. గడ్డానికి మెహందీ, భుజం మీద ఎర్ర రుమాలు. తెలుగూ దక్కనీ ఒకే మాటలో కలిపి మాట్లాడేవాడు. ఆ ఊళ్ళో నాతో మాట్లాడిన మనిషి ఆయనొక్కడే. ప్రేమ కొద్దీ కాదు, ఆయన మాట్లాడకుండా ఉండలేడు గనుక.

"క్యా గుమాస్తా సాబ్, మొఖం గట్ల పెట్టినవ్? ఇంట్ల ఎవరన్న సచ్చిన్రా?" అన్నాడు మొదటి పరిచయంలోనే.

"మా అమ్మ పోయింది చాచా," అన్నాను. చాచా అని ఎందుకన్నానో నాకే తెలియదు.

ఆయన జేబులోంచి గుప్పెడు పుట్నాలు తీసి నా దోసిట్లో పోసి, ఎవరో పిలిస్తే వెళ్ళిపోయాడు. ఆ తర్వాత ప్రతి బేస్తవారం పుట్నాలు పోసేవాడు. వారంలో మిగతా రోజులన్నీ బేస్తవారం కోసమే గడిచేవి.

ఆ అంగట్లో ఎద్దు ధర నోటితో చెప్పే ఆచారం లేదు. కొనేవాడు ముందు ఎద్దు పండ్లు చూస్తాడు, సుడులు చూస్తాడు, నడిపించి చూస్తాడు. తర్వాత దలాలు వచ్చి తన చెయ్యీ అతని చెయ్యీ కలిపి పైన రుమాలు కప్పుతాడు. లోపల వేళ్ళు పట్టుకొని నొక్కడం, వదలడం, అదే బేరం. పైకి మాత్రం ఇద్దరూ వానల గురించో, జ్వరాల గురించో మాట్లాడుకుంటూ ఉంటారు. ఒకడి దగ్గర ముగించుకొని దలాలు ఇంకొకడి దగ్గరికి, అక్కణ్ణుంచి మరొకడి దగ్గరికి పోతాడు. ఎవడు ఎంత నొక్కాడో పక్కవాడికి తెలియదు. చివరికి అమ్మేవాడి చెయ్యి పట్టుకొని ఆఖరి ధర చెబుతాడు. అతను సరేనంటే పలుపు చేతులు మారుతుంది. ఎంతకు పోయిందో వాళ్ళకూ దేవుడికీ తప్ప తెలియదు. అది రాసుకొని జిల్లాకు పంపాల్సినవాణ్ణి నేను!

"ఆ వేళ్ళ లెక్క నాకూ నేర్పు చాచా," అని ఒకసారి అడిగాను.

"నక్కో సాబ్. మీరు నేర్చుకుంటే కాయితం మీద పెడ్తరు. కాయితమెక్కినంక ఇగ మాకేం మిగుల్తది?" అని రుమాలు దులుపుకొని పోయాడు.

ఆయన్ని మహానుభావుడిగా చేసి చెప్పే ఉద్దేశం నాకు లేదు. అవకాశం దొరికితే రెండు వైపులా తినేవాడు. ఒకసారి నస్రుల్లాబాద్ కాపు ఒకతను ఎద్దును అమ్ముకున్నాడు. సాయంత్రం చాయ హోటల్లో, కొన్నవాడూ ఇతనూ ఒకే బల్ల మీద కూర్చుని మాటల్లో పడ్డారు. కొన్నవాడు ఇచ్చింది ఎక్కువ, ఇతని చేతికి వచ్చింది తక్కువ. మధ్యలో ఉన్నది రుమాలు. ఆ కాపు అంగడంతా తిరిగి గొంతు పోయేలా అరిచాడు. నేను వెళ్ళి నిలదీస్తే దలాలుకు కోపమే వచ్చింది.

"ఎండల నిలవడ్డది నేను, మాట పడ్డది నేను. నాకు పొట్ట లేదా సాబ్?"

నాకు ఒళ్ళు మండింది. గదికి వెళ్ళి జిల్లాకు ఒక పెద్ద నివేదిక రాశాను. కొనేవాడికీ అమ్మేవాడికీ ధర తెలిసి తీరాలనీ, తెలియనిచోట మోసం తప్పదనీ, పుస్తకంలో చదివిందంతా అందులో దించాను. నా రాతను ఎవరూ చదవరని నాకు గట్టి నమ్మకం. కానీ ఒకాయన చదివాడు.

ఆయన మా పై అధికారి. నాకంటే పెద్ద చదువు, వయసులో నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. మంచివాడు. రైతుకు అన్యాయం జరుగుతోందంటే నిజంగా బాధపడే మనిషి. బాన్సువాడ వచ్చి నన్ను పక్కన కూర్చోబెట్టుకొని, "చీకట్లో జరిగే బేరం దొంగబేరం. అందరి ముందూ ధర పిలిపిద్దాం. ఎక్కువ పిలిచినవాడికి ఎద్దు. అంతే," అన్నాడు. నాకు సంతోషంతో కళ్ళు చెమర్చాయి. ఆ మాటలు నాకు నచ్చినందుకు కాదు, ఒక మనిషి నాతో అంతసేపు కూర్చుని మాట్లాడినందుకు. మా ఇద్దరికీ పాఠం చెప్పింది ఒకే పుస్తకం గనుక నచ్చకపోవడమనే ప్రశ్నే లేదు.

ఉత్తర్వు వచ్చింది. ఎడ్ల అంగట్లో ఇకనుంచి రుమాలు కనబడకూడదు. ఎద్దును అందరి మధ్యకూ తేవాలి, చప్రాసి పిలవాలి, కొనేవాళ్ళు నోటితో ధర పాడాలి. ధర నచ్చకపోతే అమ్మేవాడు పొద్దటి పిలుపులో కాదని, మధ్యాహ్నం పిలుపుకు మళ్ళీ తేవచ్చు. రుమాలు బేరం చేస్తూ దొరికిన దలాలుకు సర్కారు ఇచ్చిన బిళ్ళ ఊడిపోతుంది. ఆ బేస్తవారం దలాలు నాకు పుట్నాలు పోయలేదు. నన్ను చూసి మొహం తిప్పుకొని ఒక ఎద్దు వీపు నిమురుతూ నిలబడ్డాడు.

కొత్త పద్ధతి మొదలయ్యే రోజు పొద్దున మబ్బు పట్టి ఉంది. తొలకరి రోజులు. నిజాంసాగర్ కాలువకు నీళ్ళు వదలబోతున్నారని తాలూకా అంతా ఒకటే హడావుడి. అందరికంటే ముందు అంగట్లోకి వచ్చింది ఒక ఆడమనిషి. బీర్కూర్ వైపునుంచి జత ఎడ్లను తోలుకొని నడిచి వచ్చింది. ఎడ్ల అంగడికి ఆడవాళ్ళు ఒంటరిగా రావడం నేను అంతకుముందు చూడలేదు.

"సారూ, ఎడ్లు అమ్మెటోళ్ళు యాడ నిలవడాలె?"

"ఇంటాయన రాలేదా?" అన్నాను.

"కాలుకు నారి కురుపు లేసింది సారూ. మంచం దిగుతలేడు. గందుకే నేనొచ్చిన." ఎద్దు మెడ మీద చెయ్యి వేసి నిలబడింది. "ఇవి చెల్కల దున్నిన ఎడ్లు. మంచియే, గని బురదల దిగినయంటే కూలవడ్తయి. కాలువ నీళ్ళు ఈ వారమే ఇడుస్తరట. పటేలు చెప్పిండు, నీళ్ళొచ్చే యాళ్ళకు నాగలి కట్టకుంటే భూమి ఇంకోనికి కౌలుకిస్తనని. నాకు దున్నపోతులు గావాలె. ఇయ్యాల ఇవి అమ్ముడువోవాలె, ఇయ్యాలనే దున్నలను కొనాలె. కొత్త పద్ధతి వెట్టిన్రట గద? మంచి ధర వస్తదా సారూ?"

"వస్తదమ్మా. ఇదివరకటికంటే మంచి ధర వస్తుంది," అన్నాను. నిజంగా నమ్మే అన్నాను.

మీ మాస్టర్లు అవకాశ వ్యయం అని ఒకటి చెబుతారు. ఒకటి కావాలంటే మరొకటి వదులుకోవాలి, ఆ వదులుకున్నదే అసలు ఖరీదు అని. పరీక్షలో దాని నిర్వచనం నేను ఒక పేజీ రాశాను. ఆ మనిషి మాత్రం దాన్ని పలుపు పట్టుకొని తెచ్చింది. ఎడ్లు పోతే పోనీ, భూమి నిలవాలి. ఎడ్లు చవకగా పోతే దున్నలు రావు, దున్నలు రాకపోతే భూమి ఉండదు. ఎడ్ల మెడ మీంచి ఆమె చెయ్యి తీయకపోవడం చూసి నేను అటువైపు చూడటం మానేశాను.

మా అధికారి కుర్చీలో కూర్చున్నాడు. చప్రాసి గంట కొట్టాడు. మొదటి జత ఆమెదే. అంగట్లో కొనేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో ఒకడు చెరకు బండ్ల కాంట్రాక్టరు. కాలువ వచ్చాక చెరకు పెరిగింది, చెరకుతోపాటు ఆయనా పెరిగాడు. చుట్టుపక్కల ఊళ్ళలో బండ్లున్న వాళ్ళందరికీ చెరకు మోసే పని ఇచ్చేది ఆయనే. పొద్దున నేను చూస్తుండగా పిట్లం నుంచి వచ్చిన ఒక బండి ఆసామి ఆ ఎడ్ల పండ్లు చూసి, వీపు తట్టి, చుట్టూ తిరిగి తిరిగి మురిసిపోయాడు. అతనే కొంటాడని అనుకున్నాను.

కాంట్రాక్టరు కూర్చున్నచోటినుంచే ఒక ధర పాడాడు. అంత తక్కువ ధర విని చప్రాసి కూడా ఒక క్షణం ఆగాడు.

"ఇంకెవరన్న పాడుతరా?"

ఎవరూ పాడలేదు. పిట్లం ఆసామి నోరు తెరిచాడు. కాంట్రాక్టరు మెల్లగా తల తిప్పి అతని వంక చూశాడు. పాపం, చూసింది అంతే, ఒక్క మాట అనలేదు. పిట్లం ఆసామి తెరిచిన నోరు మూసుకొని తన కాళ్ళ వేళ్ళను చూసుకోసాగాడు. మిగతావాళ్ళూ అంతే. ఆ ధర మీద పైసా ఎక్కువ పాడినవాడి మొహం ఆయనకు తెలిసిపోతుంది. రేపు చెరకు రోజుల్లో ఆ బండికి పని ఉండదు. అదే రుమాలు కిందనైతే ఎవడు ఎంత నొక్కాడో ఆయనకు ఎలా తెలుస్తుంది? వెలుతురులో అందరికీ అన్నీ తెలిశాయి. తెలియడం వల్లనే అందరూ నోరు మూసుకున్నారు. ఇది మా పుస్తకంలో లేదు.

ఆమె నా వైపు చూసింది. "గింతేనా సారూ?"

నేను చేతిలోని కాగితం వైపు చూశాను. "నేనియ్య," అని ఆమె ఎడ్లను తోలుకొని పక్కకు వెళ్ళి నిలబడింది. ఆమె తర్వాత వచ్చిన జతలదీ అదే కథ. కాంట్రాక్టరు ఒక మాట అంటాడు, అంగడి గుటక మింగుతుంది. మా అధికారికి ఇదేమీ పట్టలేదు. "చూశావా, ఎంత త్వరగా తెగిపోతున్నాయో బేరాలు!" అని నా భుజం తట్టి, మధ్యాహ్నం పిలుపుకు వస్తానని చెప్పి బంగళాకు భోజనానికి వెళ్ళాడు. వెళ్ళేటప్పుడు కాంట్రాక్టరు కూడా ఆయన వెంట మాట్లాడుతూ నడిచాడు.

నేను పరుగున దలాలు దగ్గరికి వెళ్ళాను. ఒక బండి నీడలో చతికిలబడి బీడీ కాలుస్తున్నాడు.

"చాచా, ఆ బీర్కూర్ ఆమె ఎడ్లను నీ పద్ధతిలో చూడు. మా అధికారి వచ్చేలోగా తేల్చెయ్యి."

"నేనెందుకు జూస్త? బంద్ జేసింది మీరే గద. నా బిళ్ళ గుంజుకుంటె నా పిల్లలకు మీరు వెడ్తరా బువ్వ? జావ్ సాబ్, జావ్. ఆ కుర్చీల గూసున్నాయన్ను అడుగుండ్రి."

"ఆమె భూమి పోతుంది చాచా."

"నాదీ పోయింది, నా కమాయి. ఎవలన్న అడిగిన్రా?" అని పొగ నా మొహం మీదికి వదిలాడు.

కోపంగా వెనక్కి తిరిగాను. ఆమె అక్కడే, ఎడ్ల మధ్య, ఎండలో నిలబడి ఉంది. మబ్బు విడిపోయింది. నాకు ఏం తోచిందో, ఏ దయ్యం పట్టిందో, మెడలో ఉన్న నా తువ్వాల తీసి ముఖం తుడుచుకొని నేరుగా పిట్లం ఆసామి దగ్గరికి వెళ్ళాను. అతని చెయ్యి పట్టుకొని పైన తువ్వాల కప్పాను.

"వానలెట్లున్నయి మీ దిక్కు?" అని అడిగాను. బేరంలో అలాగే అడుగుతారని చూసి ఉన్నాను గదా.

అతను గుడ్లు తేలేశాడు. తర్వాత పగలబడి నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళంతా చేరారు. "గుమాస్తా సాబ్ దలాలయిండ్రా!" అని ఎవడో కేక పెట్టాడు. కానీ లోపల అతని వేళ్ళు నా వేళ్ళను పట్టుకున్నాయి. రెండు వేళ్ళు నొక్కాడు, వదిలాడు, మళ్ళీ ఒకటి సగం దాకా నొక్కాడు. నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. గంభీరంగా తలూపి ఇంకొకడి దగ్గరికి వెళ్ళాను. వాడూ నవ్వాడు, వాడూ నొక్కాడు. ఇంకొకడు, మరొకడు. బండి కాడి పట్టి కాయలు కాచిన చేతులు, సున్నం మరకల చేతులు, ఒక వేలు తెగిపోయిన చెయ్యి. నన్ను చూసి కప్పులోకి తల దించుకునే మనుషులు వీళ్ళే. ఆ తువ్వాల కింద నా చెయ్యి గట్టిగా పట్టుకొని నిజం చెబుతున్నారు. మా అమ్మ పోయాక నా చెయ్యి పట్టుకున్నవాళ్ళు లేరన్న సంగతి నాకు అప్పుడు, ఆ నవ్వుల మధ్య గుర్తొచ్చింది. వాళ్ళు చెప్పిన ఆ నిజం ఎంతో మాత్రం నాకు తెలియదు.

అలా ఎందరి దగ్గరికి పోయేవాణ్ణో గానీ వెనకనుంచి ఒక అరుపు వినబడింది.

"అరె, గట్ల గాదు సాబ్! ఎవడన్న ఎడమ చెయ్యి వడ్తడా? హట్!"

దలాలు వచ్చి నా తువ్వాలను లాగేసుకున్నాడు. ఆయనకు ఆమె మీద జాలి కలిగిందని నేను చెప్పలేను. తన విద్య నా చేతిలో పడి అలా నవ్వులపాలు కావడం చూడలేకపోయాడని నా అనుమానం. నేను తిరిగిన వాళ్ళందరి దగ్గరికీ మళ్ళీ తిరిగాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. పిట్లం ఆసామి చెయ్యి దగ్గర చాలాసేపు ఆగి, వాళ్ళ ఊళ్ళో ఎవరి పెళ్ళి గురించో అడిగాడు. చివరికి ఆమె దగ్గరికి వచ్చి, చెయ్యి పట్టుకుంటే ఏమనుకుంటుందోనని ఒక క్షణం తటపటాయించాడు.

"పట్టు అన్నా. ఫికర్ లేదు," అని ఆమే చెయ్యి చాపింది.

తువ్వాల కింద ఏం నొక్కాడో గానీ ఆమె ముఖం విచ్చుకుంది. వెంటనే మళ్ళీ ముడుచుకుంది. పలుపు పిట్లం ఆసామి చేతిలో పెట్టి, ఎడ్ల మొహాల మీద ఒకసారి చెయ్యి వేసి, చెంగుతో ముక్కు చీదుకుంది. ఆ తర్వాత ఆలస్యం చేయలేదు. దెగ్లూరు వైపునుంచి వచ్చిన ఒక మరాఠీ అతని దగ్గర దున్నపోతుల జత ఉంటే, అదే తువ్వాల కింద ఆ బేరమూ తెగింది. దలాలు రెండు బేరాల్లోనూ తన దలాలీ వదులుకోలేదు. ఆమె దున్నలను తోలుకొని నా ముందునుంచే వెళ్ళింది.

"పోతున్న సారూ. రేపు పొద్దుగాల నాగలి కట్టాలె," అంది. ఆ ఊళ్ళో నాకు చెప్పి వెళ్ళిన మొదటి మనిషి ఆమె.

మా అధికారి తిరిగి వచ్చేసరికి అంగట్లో తేనెటీగల రొదలాగా మాటలు. దలాలు చేతిలో ఇంకా నా తువ్వాల ఉంది. కాంట్రాక్టరు వేలు పెట్టి చూపించాడు.

"ఎవరిదిది?" అన్నాడు అధికారి.

"నాది సార్. బేరం మొదలుపెట్టింది నేనే. ఈయన నన్ను ఆపడానికి వచ్చాడు," అన్నాను. లాగేసుకున్నాడు గనుక అది పూర్తిగా అబద్ధమూ కాదు.

ఆయన నా మొహం వైపు చాలాసేపు చూశాడు. కోపంకంటే బాధే ఎక్కువ కనబడింది. "నివేదిక రాసింది నువ్వే కదయ్యా," అన్నాడు. పొద్దున జరిగింది చెప్పబోయాను. కాంట్రాక్టరు పక్కనే నిలబడి ఉన్నాడు. అంతమంది ముందు, ఆ వెలుతురులో, నా నోరు కూడా పెగలలేదు. మరునాడు కచేరీలో అంతా చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. విని, "నీ చోటు అంగడి కాదు," అని పట్నానికి బదిలీ రాశాడు. దలాలు బిళ్ళ జోలికి మాత్రం పోలేదు. ఆ ఉత్తర్వును రద్దు చేసినవాళ్ళూ లేరు, పాటించినవాళ్ళూ లేరని తర్వాత పేష్కారు చెప్పాడు.

పట్నంలో నా పని ఒక పెద్ద గదిలో. రాజ్యంలోని అంగళ్ళన్నిటి ధరలూ అక్కడికి వస్తాయి. వాటిని కూడి, సగటు తీసి, పోయిన ఏటితో పోల్చాలి. మీరు సూక్ష్మం, స్థూలం అని రెండు పేపర్లు రాస్తారే, నేను ఒకదానిలోంచి ఇంకోదానిలోకి బదిలీ అయ్యాను. ఎద్దు వాసన వచ్చే చోటినుంచి, రాజ్యంలోని ఎడ్లన్నీ ఉండి ఒక్క ఎద్దూ లేని చోటికి. ఆ పని తక్కువదని అనను. బాన్సువాడలో జొన్నలవాడు బట్టలవాణ్ణి తిట్టేవాడు, బట్టలవాడు కిరసనాయిలు వాణ్ణి తిట్టేవాడు, ప్రతివాడూ పక్కవాడి దురాశ వల్లే ధరలు పెరుగుతున్నాయనేవాడు. ఆ గదిలో కూర్చున్నాకే నాకు తెలిసింది, లడాయి కోసం డబ్బు పెరిగింది, జనం చేతుల్లోకి వచ్చింది, కొనడానికి సరుకు మాత్రం పెరగలేదు అని. అది ఏ ఒక్క అంగట్లోనూ నిలబడి చూస్తే కనబడదు. అలాగే పిట్లం ఆసామి మూసుకున్న నోరు ఏ సగటులోనూ కనబడదు. తర్వాత కొన్నేళ్ళకు ఇంకో ఊళ్ళో బహిరంగ పాట పెడితే రైతులకు నిజంగానే మంచి ధర వచ్చింది. అక్కడ ఎవరికీ భయపడనక్కర్లేని కొనుగోలుదారులు చాలామంది ఉన్నారు. కాబట్టి పుస్తకం చింపి పారేయకండి. పుస్తకం ఏ అంగడిని చూసి రాశారో అడగండి, అంతే.

ఇదంతా చెప్పి, బాన్సువాడనుంచి బయల్దేరిన రోజు సంగతి చెప్పకుండా తప్పించుకుందామనుకున్నాను. చెబుతాను.

ఒక పెట్టె, ఒక పరుపుచుట్ట. సాగనంపడానికి ఎవరూ రాలేదు, వస్తారని నేనూ అనుకోలేదు. బీడీలు చుట్టే ఆడవాళ్ళు నేను వసారా దాటేదాకా తలలు ఎత్తలేదు. బస్సు దగ్గర పెట్టె పైకెక్కించి నిలబడి ఉండగా దలాలు వచ్చాడు. బేస్తవారం కాదు ఆ రోజు. ఆయనకు అక్కడ పనేమీ లేదు.

"దలాలీ ఇయ్యకుంట పోతున్నవ్ గుమాస్తా సాబ్," అన్నాడు.

"నేనేం కొన్నాను చాచా, ఏం అమ్మాను?"

ఆయన, అంగట్లో నాకు తిరిగి ఇచ్చేసిన తువ్వాలనే నా మెడలోంచి తీసి, నా కుడిచెయ్యి పట్టుకొని పైన కప్పాడు. "వానలెట్లున్నయి పట్నంల?" అని అడిగాడు, ఎటో చూస్తూ. లోపల ఆయన వేళ్ళు నా వేళ్ళను ఒక్కొక్కటిగా నొక్కాయి. చిటికెనవేలినుంచి మొదలుపెట్టి బొటనవేలి దాకా. అక్కడ ఆగి, అరచెయ్యంతా మూసి పట్టుకున్నాడు. డ్రైవరు హారన్ కొట్టాడు.

"ఎంత చాచా? ఎంత చెప్పావు?"

"చెప్త గని, మళ్ళొచ్చినప్పుడు చెప్త," అన్నాడు. చెయ్యి వదిలేసి, నా తువ్వాల మడిచి తన భుజం మీద, ఎర్ర రుమాలు పక్కన వేసుకున్నాడు. "గిది నా దలాలీ," అని వెనక్కి చూడకుండా నడిచి పోయాడు. నా చేతిలో గుప్పెడు పుట్నాలు ఉన్నాయి. ఎప్పుడు పోశాడో తెలియలేదు.

నేను మళ్ళీ వెళ్ళలేదు. పట్నంలో పని వదిలింది కాదు. వెళ్ళగలిగే నాటికి ఆయన లేడని తెలిసింది. ఆయన ఎంత నొక్కాడో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినవాళ్ళెవరినీ అడగలేదు కూడా.

బస్సు మంజీర దిక్కుకు తిరిగాక ముఖం తుడుచుకుందామని అలవాటుగా మెడ మీద తడిమాను. తువ్వాల లేదు. చొక్కా చేతితోనే తుడుచుకున్నాను.